గడ్డ తగలని రొమ్ము క్యాన్సర్ సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

అక్టోబరులో మీరు వేసిన రొమ్ము క్యాన్సర్ వ్యాసం చదివాను. బాగానే ఉంది గాని, మొదటి నుంచి చివరి దాకా ‘గడ్డ తగిలితే’ అన్న మాటే. తగలకపోతే? హిస్టోపాథాలజీ ల్యాబులో, అంటే రోగి నుంచి తీసిన కణజాలాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించే చోట, స్లైడ్లు తయారుచేయడం నా ఉద్యోగం. అందుకే ఈ ఉత్తరం.

రొమ్ములోని పాల నాళాల కణాలను ఒకదానితో ఒకటి పట్టి ఉంచే ప్రోటీన్లలో ముఖ్యమైనది ఈ-క్యాడ్హెరిన్. లోబ్యులార్ (పాల గ్రంథుల పేరుతో పిలిచే) రకం క్యాన్సర్‌లో చాలావరకు ఇది లోపిస్తుంది. కణజాలాన్ని పొదిగిన మైనపు దిమ్మె నుంచి 3, 4 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన పొర కోసి, ఆ ప్రోటీన్‌ను చూపించే రంగు వేస్తాం. మామూలు నాళంలో కణం కణానికీ చుట్టూ గోధుమరంగు గీత దిద్దినట్లు కనిపిస్తుంది. పక్కనే లోబ్యులార్ కణాలు నీలి కేంద్రకాలతో, ఆ గీత జాడే లేకుండా, చీమల బారులా కొవ్వులోకి సాగిపోతుంటాయి. పట్టు తప్పిన కణాలు ముద్దకట్టవు. అందుకే తరచు చేతికి గడ్డ తగలదు, మామోగ్రామ్‌కూ (రొమ్ము ఎక్స్‌రేకూ) చిక్కకపోవచ్చు. పాశ్చాత్య దేశాల లెక్కల్లో రొమ్ము క్యాన్సర్లలో ఈ రకం సుమారు 10 నుంచి 15 శాతం.

ప్రోటీన్ ఉంటే భయం లేదనుకోవడానికీ వీల్లేదు. ఎక్కువమందికి వచ్చే డక్టల్ (పాల నాళాల పేరుతో పిలిచే) రకంలో అది సాధారణంగా నిలిచే ఉంటుంది, అయినా వ్యాధి పాకుతుంది. 2019లో ఎలుకలపై జరిగిన ఒక పరిశోధనలో, ఆ ప్రోటీన్‌ను తొలగించిన క్యాన్సర్ కణాలు చుట్టుపక్కలకు మరింతగా చొచ్చుకుపోయాయి గాని, దూరపు అవయవాల్లో బతికి బట్టకట్టడం బాగా తగ్గింది.

ఈ ప్రోటీన్‌కు మూలమైన సీడీహెచ్1 జన్యువులో లోపం వంశపారంపర్యంగా వస్తే స్త్రీలకు లోబ్యులార్ క్యాన్సర్, ఆడా మగా అందరికీ కడుపు గోడలో విస్తరించే ఒక రకం క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. వీటిలో కడుపు క్యాన్సర్ సంగతి 1998లో న్యూజిలాండ్‌లోని మావోరీ (అక్కడి మూలవాసుల) కుటుంబాల్లో తేలింది. మన ఇళ్లలో మేనత్తకు కడుపు క్యాన్సర్ వచ్చిందన్న మాట డాక్టరు ముందు కూడా పెదవి దాటదు, పిల్లల సంబంధాలు చెడిపోతాయని!

ఈసారి వ్యాసం వేసేటప్పుడు రొమ్ములో ఒకవైపు గట్టిపడటం, చర్మం సొట్టపడటం, చనుమొన లోపలికి పోవడం, ఆకారం మారడం కూడా లక్షణాల్లో చేర్చండి. కుటుంబంలో ఎవరికి ఏ క్యాన్సర్ వచ్చిందో దాచకుండా డాక్టరుకు చెప్పమని కూడా రాయండి.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్, కర్నూలు