పాత సైకిళ్లకు పెయింటు కొట్టకండి

సంపాదకులకు,

హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల కొత్తగా లేచిన హోటళ్లలో ఒక ఫ్యాషన్ మొదలైంది. పాత సైకిల్ ఒకటి కొనుక్కొచ్చి, టైర్లు పీకి, ఫ్రేముకు బొక్కలు కొట్టి, పసుపో గులాబీయో పెయింటు వేసి గోడకు బిగిస్తున్నారు. జనం దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతున్నారు. దిగనీయండి, నాకేం ఇబ్బంది లేదు. కానీ మొన్న ఒకచోట చాయ్ తాగుతూ చూద్దును కదా, పెడల్ దగ్గరి పళ్ల చక్రంలో కొంగ బొమ్మలు! ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌ రాలే సైకిల్ కంపెనీ గుర్తు అది. హ్యాండిల్ కింద ఉండే బిల్ల మీద కూడా పసుపు రంగే పూసేశారు.

నేను కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. పాత సైకిళ్లు తెచ్చి బాగుచేయడం నా సరదా. ఇంట్లో దీన్ని వేరే మాటతో పిలుస్తారు, అది పేపర్లో రాసేది కాదు.

పరకాల అవతల ఒక ఊళ్లో పశువుల కొట్టంలో హంబర్ అనే పాత ఇంగ్లీషు సైకిల్ దొరికింది. ముందు ఫోర్కుకు రెండు పక్కలా జంట గొట్టాలుంటే అది హంబరే. "తీస్కపో బిడ్డా, ఎడ్లకు అడ్డమైతాంది" అన్నది ఆ ఇంటి అవ్వ. కిరసనాయిలు గుడ్డతో మెల్లగా తుడిస్తే నల్లరంగు మీద బంగారు గీతలు తేలాయి. వెనక చక్రం నడిమి హబ్బు మీద 'ఏడబ్ల్యూ' అని రకం పేరు, పక్కనే 52 అంకె. ఆ హబ్బులు చేసిన స్టర్మీ ఆర్చర్ కంపెనీ వాళ్లు తయారైన ఏడాదిని హబ్బు మీదే కొట్టేవాళ్లు. అంటే ఆ హబ్బు 1952 నాటిది. మూడు గేర్లూ దాని లోపలే ఉంటాయి. పైనున్న చిన్న మూత తీసి పలచటి నూనె చుక్కలు వేయాలి. మంచిదే కదా అని గ్రీజు కూరితే లోపలి మీటలు అతుక్కుపోయి గేరు పట్టదు.

రాలే బండితో ఇంకో చిక్కుంది. పెడల్ ఇరుసు కప్పులకు మామూలుగా అంగుళానికి 24 మర చుట్లు ఉంటే, వాళ్లు 26 పెట్టారు. తెలియక బజారు కప్పు బలవంతంగా ఎక్కిస్తే ఫ్రేము మరలు పాడవుతాయి. అందుకే అరిగినా సరే, పాత కప్పులు పారేయకండి. మిగతా సామానుకు ఇంత బాధ లేదు. కడ్డీ బ్రేకుల బండ్లకు 28 ఒకటిన్నర సైజు టైర్లు ఇప్పటికీ కొత్తవే దొరుకుతున్నాయి. గోడకెక్కించిన బండ్లలో చాలావాటిని రోడ్డెక్కించొచ్చు.

మాది ఇంగ్లీషు బండి కాదు, ఉత్త అట్లాసే అనుకునేవాళ్లకు ఒక మాట. అట్లాస్ వాళ్ల సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినం నాడే ఆగిపోయింది. ఆ ఉత్త అట్లాసు కోసం కూడా రేపు వెతుక్కోవాలి.

హోటల్ వాళ్లు గోడకు బండి పెట్టుకోవాలంటే తీగతో వేలాడదీయండి, బొక్క కొట్టకండి. పాత ఇనుప సామాన్ల దుకాణాల వాళ్లు తూకం వేసే ముందు మీ వాడకట్టు సైకిల్ మెకానిక్కుకు ఒక్కసారి చూపించండి. ఇనుము ధర కన్నా ఎక్కువిచ్చి కొనే నాలాంటి వాళ్లు ఉన్నారు. ఇప్పటికే రంగు వేసినవాళ్లు గరుకు కాగితం మాత్రం పట్టకండి, దాంతో గీతలూ అక్షరాలూ కూడా లేచిపోతాయి. సీటు కింద కనబడని చోట గుడ్డకు కొంచెం థిన్నరు అద్ది రుద్ది చూడండి. పై రంగు ఊడి, అడుగు నలుపు నిలిస్తే అప్పుడు మిగతాది మొదలుపెట్టొచ్చు.

— ఒక రిటైర్డ్ ఫిట్టర్, కాజీపేట