ఇనులిన్ వేరు, ఇన్సులిన్ వేరు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆరోగ్యం పేజీలో ఇటీవల పొద్దుతిరుగుడు జాతికి చెందిన సన్‌చోక్ దుంప గురించి వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. అమెరికాలోని ఒహాయోలో మా పెరట్లో ఎనిమిదేళ్లుగా ఆ మొక్కను పెంచుతూ, దాని దుంపలు వండుకుంటున్నదాన్ని కనుక వ్యాసం కనబడగానే సంతోషించాను. కానీ దుంపలో ఉండే పదార్థం పేరు ఇనులిన్ కాగా, వ్యాసంలో రెండు చోట్ల ఇన్సులిన్ అని అచ్చయింది. ఏళ్ల తరబడి మధుమేహానికి సూది మందు తీసుకుంటున్న మా బాబాయి గారు అది చదివి, ఆ దుంపలు తెప్పించుకుంటే ఇక సూది మానేయవచ్చా అని అనంతపురం నుంచి ఫోన్ చేశారు. ఆయన అడిగారు కాబట్టి సరిపోయింది. అడగకుండానే మానేసేవారి సంగతి తలచుకుంటే భయం వేస్తున్నది.

ఇన్సులిన్ మన క్లోమం తయారు చేసే హార్మోను. 1921లో టొరంటోలో దాన్ని వేరుచేసినప్పటి నుంచి ఈనాటికీ సూదితో ఎక్కించడానికి కారణం, నోటితో మింగితే అది కడుపులో అరిగిపోవడమే. ఇనులిన్ అన్నది కొన్ని మొక్కలు వేళ్లలోనూ దుంపల్లోనూ దాచుకునే పిండిపదార్థం. 1804లో ఇనులా అనే మొక్క వేరులో కనుగొన్నందువల్ల దానికా పేరు వచ్చింది. బంగాళాదుంపలోని పిండిలాగా అది చిన్నపేగులో అరగదు, అందువల్ల రక్తంలో చక్కెరను వెంటనే పెంచదు. అంతవరకు వ్యాసం చెప్పినది నిజం. అయితే పెంచకపోవడం వేరు, తగ్గించడం వేరు. పైగా చలిలో నిల్వ ఉన్నకొద్దీ దుంపలోని ఇనులిన్ కొంత ఫ్రక్టోజు చక్కెరగా మారుతుంది. మంచు కురిసిన తరువాత తవ్విన దుంప మరింత తియ్యగా ఉండటానికి కారణం అదే.

ఔషధమన్న మాట పక్కన పెట్టినా ఈ మొక్క తెలుసుకోదగినదే. హెలియాంథస్ ట్యూబరోసస్ అనే ఈ అడవి పొద్దుతిరుగుడు ఉత్తర అమెరికా తూర్పు, మధ్య ప్రాంతాలకు చెందినది. మనం నూనె కోసం వేసే పొద్దుతిరుగుడు గింజ కట్టి ఎండిపోతుంది. ఇదైతే చలికాలంలో కాడ ఎండినా నేలలోని దుంప నుంచి వసంతంలో మళ్లీ మొలుస్తుంది. ఇక్కడి ఆదివాసులు యూరప్ వారు రాకముందే దీన్ని సాగుచేసేవారు. 1605లో శాంప్లేన్ అనే ఫ్రెంచి నావికుడు అమెరికా తూర్పున ఉన్న కేప్ కాడ్ తీరంలో వారి తోటల్లో ఈ దుంపలను చూసి, రుచి యూరప్ వారు కూర వండుకునే పూమొగ్గ అయిన ఆర్టిచోక్‌ను పోలి ఉందని రాసుకున్నాడు. ఈ మొక్కకే ఉన్న జెరూసలేం ఆర్టిచోక్ అన్న మరో వాడుక పేరుకు జెరూసలేం నగరంతో సంబంధం లేదు. పొద్దుతిరుగుడుకు ఇటాలియన్లు వాడే జిరసోలే అన్న మాటే అలా మారిందని ఎక్కువమంది అభిప్రాయం.

పెంచడంలో కష్టమేమీ లేదు. ఏప్రిల్‌లో మొలక కన్ను ఉన్న ముక్కను నాలుగు అంగుళాల లోతున పాతిపెడితే ఆగస్టుకల్లా ఎనిమిది, పది అడుగుల కాడ నిలబడుతుంది. సెప్టెంబరులో అరచేతి వెడల్పున పసుపుపచ్చని పూలు విచ్చుకుని తేనెటీగలతో పెరడంతా మోగుతుంది. తొలి మంచు పడ్డాక కాడ నల్లబడినప్పుడు తవ్వితే అల్లం కొమ్ముల్లాంటి దుంపలు గంపలకొద్దీ వస్తాయి. తోలు పలచన కనుక బయట పెడితే త్వరగా వడలిపోతాయి. నేలలోనే ఉంచి మార్చి వరకు కావలసినప్పుడల్లా తవ్వుకోవడం మేలు. కష్టమల్లా దీన్ని వదిలించుకోవడంలోనే ఉంది. వేలెడు ముక్క మిగిలినా మళ్లీ మొలుస్తుంది. రెండో ఏడు మా గోంగూర మడిని పూర్తిగా ఆక్రమించిన తరువాత, అడుగు తీసిన పెద్ద డ్రమ్మును నేలలో పాతి అందులోనే పెంచుతున్నాను.

పచ్చి దుంప కరకరలాడుతుంది. తరగగానే నల్లబడుతుంది కాబట్టి నిమ్మరసం కలిపిన నీళ్లలో వేయాలి. మా ఇంట్లో వేపుడు కన్నా చింతపండు పులుసే మేలని తేలింది. పులుపులో ముక్క చెదరదు, ఎక్కువసేపు ఉడికితే ఇనులిన్ కూడా కొంత విరుగుతుంది. వ్యాసం బొత్తిగా చెప్పని విషయం ఇక్కడే ఉంది. అరగని ఇనులిన్ పెద్దపేగులో పులిసి కడుపుబ్బరం, నొప్పి కలిగిస్తుంది. 1617లో లండన్ నుంచి రెండు చిన్న దుంపలు తెచ్చి నాటిన జాన్ గుడ్‌యర్ అనే ఇంగ్లీషు వృక్షశాస్త్రజ్ఞుడు ఆనాడే ఈ బాధ గురించి ఘాటుగా రాశాడు. మొదటిసారి తినేవారు రెండు మూడు ముక్కలతో ఆగి, ఒంటికి పడితేనే మెల్లగా పెంచుకోవాలి.

బాబాయి గారి అబ్బాయి మరో ప్రశ్న వేశాడు: వేరుశనగ తీసేసి రెండెకరాల్లో ఇది వేస్తే ఎలా ఉంటుందని. తొందరపడవద్దని చెప్పాను. ఇది శీతల దేశపు మొక్క. దుంప నిద్ర వీడి మొలకెత్తాలంటే కొన్ని వారాల చలి తగలాలి. అంతకన్నా ముఖ్యంగా, 1980ల తొలి ఏళ్లలో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో జరిగినది అతనికి వివరించాను. రేపటి ఇంధనం ఈ పంట నుంచే వస్తుందని నమ్మించి ఒక కంపెనీ విత్తన దుంపలను భారీ ధరకు రైతులకు అమ్మింది. పండిన దుంపలను కొనే మార్కెట్టే లేకపోయింది. 1983లో కంపెనీ దివాలా తీసింది, అప్పులు రైతులకు మిగిలాయి. ఈమూ పక్షుల పెంపకంలో చేతులు కాల్చుకున్న మన రైతులకు ఈ కథ కొత్తది కాదు.

కనుక మీరు అదే ఆరోగ్యం పేజీలో, వ్యాసం వచ్చినంత ప్రముఖంగా, సవరణ వేయవలసిందిగా కోరుతున్నాను. దుంపలో ఉన్నది ఇనులిన్ అనీ, వైద్యుడిని అడగకుండా ఎవరూ మందు మానకూడదనీ అందులో స్పష్టంగా ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కొలంబస్, ఒహాయో