తుప్పును నమ్మి మోసపోయాను: నా దగ్గర బ్యాడ్జీలు కొన్నవారికి ఒక మాట

మార్చి, జూన్ నెలల మధ్య నా దగ్గర బేస్‌బాల్ ఆటగాడు జాకీ రాబిన్సన్ బ్యాడ్జీ కొన్న నలుగురికీ ముందుగా చెప్పాల్సింది: అవి నకిలీవి. 1947 నాటివని చెప్పి నేనే అమ్మాను. పోస్టు ఖర్చుతో సహా మీ డబ్బంతా ఈ వారంలోనే వెనక్కి పంపుతున్నాను. బ్యాడ్జీ తిరిగి పంపేదాకా ఆగను.

1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్‌లో రాబిన్సన్ డాడ్జర్స్ జట్టు తరఫున మైదానంలోకి దిగారు. అమెరికా బేస్‌బాల్‌లో అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో నల్లజాతి ఆటగాళ్లకు దశాబ్దాలుగా మూసి ఉన్న తలుపు అలా తెరుచుకుంది. ఆయన పక్షాన ఉన్నామని చాటుతూ అప్పటి అభిమానులు చొక్కాలకు తగిలించుకున్న బ్యాడ్జీ ఇది. అసలైనవి తక్కువ, అడిగేవారు ఎక్కువ. నకిలీలు పుట్టడానికి అంతకంటే ఏం కావాలి? ఇన్నేళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నవాడికి ఇది తెలియదా అంటే, తెలుసు. ఇక్కడ న్యూజెర్సీలో ఒక పాత ఇంటి సామాను అమ్ముతుంటే వెళ్లాను. గుండీల డబ్బా అడుగున ఒకటి కాదు, నాలుగు కనిపించాయి. నాలుగు ఒక్కచోట దొరికినప్పుడే అనుమానం రావాలి. నాకు సంతోషం వచ్చింది.

వెనక్కి తిప్పి చూస్తే చక్కటి తుప్పు. సూది కూడా పాతదే. అక్కడే పడిపోయాను. ఈ బ్యాడ్జీల నిర్మాణం చాలా సులువు: కింద రేకు, దానిపై అచ్చు కాగితం, ఆపైన పలచటి సెల్యులాయిడ్ (పారదర్శకమైన పాతకాలపు ప్లాస్టిక్) పొర, ఈ మూడింటినీ వెనక నుంచి పట్టి ఉంచే రింగు. మా పక్కనే ఉన్న న్యూవార్క్‌లో వైట్‌హెడ్ అండ్ హోగ్ కంపెనీ 1896లో పేటెంటు తీసుకున్న పద్ధతి ఇది. పది రూపాయలు చేయని పాత బ్యాడ్జీని విప్పి, ఆ రేకుకే కొత్త కాగితం బిగిస్తే తుప్పు నిజమైనదే, బొమ్మ మాత్రం నిన్నటిది.

పట్టుకున్నది డాలస్‌లో ఉండే ఒక తెలుగు తమ్ముడు. ఫోను చేసి, "అన్నా, అక్షరాల్లో చుక్కలున్నాయేమిటి?" అన్నాడు. భూతద్దం పెట్టి పంపిన ఫొటో చూశాను. ఫొటో బొమ్మలో చుక్కలుండటం మామూలే. అక్షరాలు మాత్రం నిండు సిరాతో, అంచులు తీరుగా ఉండాలి. ఇక్కడ ప్రతి అక్షరం ముగ్గుపిండి చల్లినట్టు విడివిడి చుక్కలు. అసలు బ్యాడ్జీని ఫొటో తీసి మళ్లీ అచ్చువేస్తే అక్షరాలూ ఇలా చుక్కలుగా విడిపోతాయి. అలాంటి భూతద్దం నా బల్ల సొరుగులో కూడా ఉంది. తీయలేదు, అంతే.

ఇక మీదట ప్రతి బ్యాడ్జీకి ముందు, వెనక ఫొటోలతో పాటు అక్షరాలను దగ్గరగా తీసిన ఫొటో కూడా పెడతాను. నకిలీ అని తేలితే ఎన్నేళ్ల తరవాతైనా డబ్బు వాపసు.

రెండో తప్పు చిన్నదే గానీ ఖరీదైనది. ఈ వేసవిలో ఒక పెట్టెను నేలమాళిగలో వదిలేశాను. చెమ్మ సెల్యులాయిడ్ కిందికి దూరి కాగితం మీద గోధుమరంగు మచ్చలు వేసింది. బ్రూక్లిన్ డాడ్జర్స్‌కు దక్కిన ఏకైక వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ విజేతను తేల్చే ఏటా చివరి పోటీ) విజయం 1955ది. ఆ ఏటి బ్యాడ్జీలు మూడు పాడయ్యాయి. మచ్చలు కనిపించేలా ఫొటోలు తీసి సగం ధరకు పెట్టాను. కొన్నవారు దయచేసి తడిగుడ్డతో తుడవకండి, ఉన్న మచ్చ ఇంకా పాకుతుంది.

కొత్త సరుకులో చెప్పుకోదగింది ఒక్కటే: ఫిలడెల్ఫియా ఫిల్లీస్ అనే బేస్‌బాల్ జట్టు 1964 ప్రెస్ పిన్ను. వరల్డ్ సిరీస్‌కు వచ్చే విలేకరుల కోసం 1911 నుంచి జట్లు ఇలాంటివి చేయించేవి. ఆ ఏడాది ఫిల్లీస్ ఇంకా పన్నెండు ఆటలుండగా తన లీగ్ పట్టికలో ఆరున్నర ఆటల ఆధిక్యంలో ఉంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు పిన్నులు ముందే సిద్ధమయ్యాయి. తరవాత వరుసగా పది ఓడిపోయి, సిరీస్ ముఖమే చూడలేదు. జరగని పండగ గుర్తులంటే నాకెందుకో మిగతా వాటికంటే ఇష్టం. చాలామంది ధర అడుగుతున్నారు. నాకంటే బాగా తెలిసిన ఇద్దరికి చూపించేవరకు అది అమ్మకానికి లేదు.