మిలిటరీ వాళ్ళ పేర్లతో ఒక పుస్తకం వేయించండి: నెల్లూరు కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. మన వైపు యుద్ధాల చరిత్ర అనగానే ఎవరైనా రెండు కథలు చెబుతారు. ఒకటి ఉదయగిరి. కృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి, 1514లో గజపతుల నుంచి ఆ కోటను గెలుచుకున్నాడు. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకెళ్ళి గుడి కట్టించాడు. రెండోది నెల్లూరు రాజు మనుమసిద్ధి సేనాని ఖడ్గతిక్కన. పశువుల మేతకు కట్టే పుల్లరి పన్ను మీద కాటమరాజుతో తగాదా, పాలేటి ఒడ్డున పోరు, ఓడి ఇంటికొస్తే తల్లి విరిగిన పాలు వడ్డించడం. వీటి మీద పుస్తకాలకు కొదవ లేదు. కాటమరాజు పక్షాన పోరాడిన పశువుల కాపరుల్ని కూడా కొమ్ము కథలవాళ్ళు పాడి పాడి బతికించుకున్నారు.

నిన్నమొన్నటి సిపాయికి ఆపాటి భాగ్యం కూడా లేదు. మా ఊరికి దగ్గరి గ్రంథాలయంలో మన ప్రాంతపు సైనికుల మీద పుస్తకం అడిగితే, అగ్నివీర్ పరీక్ష గైడు తెచ్చి ఇచ్చారు!

రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షల దాకా పెరిగింది. అప్పటి మద్రాసు రాష్ట్రంలో ఉన్న మన తాలూకాల నుంచీ వెళ్ళారు. అందరూ తుపాకీ పట్టలేదు. లారీలు తోలారు, రోడ్లు వేశారు, వంటలు చేశారు, దెబ్బలు తగిలినవాళ్ళను మోశారు. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లో, సమాధి కూడా దొరకనివాళ్ళ పేర్లు 27 వేల దాకా రాతి మీద చెక్కి ఉన్నాయి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో చాలామంది భారతీయ సిపాయిలకు తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. కాకపోతే ఊరి పేర్లు దొరల స్పెల్లింగులో ఉంటాయి, ఏ పల్లె అన్నది ఇక్కడివాళ్ళే పోల్చుకోగలరు. డిగ్రీ కాలేజీ పిల్లలకు ఈ పని అప్పగించండి.

తర్వాత 1962, 1965, 1971 యుద్ధాలు, శ్రీలంక, సియాచిన్, కార్గిల్. 62లో పనిచేసినవాళ్ళు ఇప్పుడు ఎనభై దాటినవాళ్ళు. వాళ్ళ మాటలు రికార్డు చేయించడం ఆలస్యం కాకూడదు. సైనిక సంక్షేమ కార్యాలయం రిజిస్టర్లలో అడ్రసులు ఉంటాయి. గిద్దలూరు వైపు మిలిటరీ ఇళ్ళు ఎక్కువ, అటువైపు అధికారులతో కూడా మాట్లాడితే పని కలిసొస్తుంది. భార్యల్నీ అడగండి. ఆయన సరిహద్దులో ఉన్నప్పుడు సేద్యం చేసి, పిల్లల్ని చదివించి, మనీఆర్డరు కోసం పోస్ట్‌మన్‌కు ఎదురుచూసింది వాళ్ళే.

డబ్బు లేదనకండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతూనే ఉన్నాం. గ్లేజు కాగితం అక్కర్లేదు. మొదటి పది పేజీలు నాయకుల ఫొటోలు, సందేశాలు అసలే వద్దు. శౌర్యం, త్యాగం అని పేజీకో పొగడ్తా వద్దు. ఎవరు, ఏ ఊరు, ఏ రెజిమెంట్, ఎక్కడ పనిచేశారు, ఏం తిన్నారు, దేనికి భయపడ్డారు, తిరిగొచ్చాక ఎలా బతికారు? ఇవి ఉంటే చాలు. ప్రతి శాఖా గ్రంథాలయంలో ఒక కాపీ పెట్టండి.

ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుపుతారు కదా. ఆ రోజు మండలాఫీసులకు డిశ్చార్జి బుక్కులు, పాత ఫొటోలు, ఉత్తరాలు తెమ్మని చాటింపు వేయించండి. వాళ్ళ కళ్ళ ముందే స్కాన్ చేసి, అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయాలి. ఒరిజినల్స్ ఆఫీసులో వదిలి వెళ్ళమంటే మాత్రం ఒక్కరూ ట్రంకు పెట్టె తెరవరు.

ఇట్లు,
ఉదయగిరి ప్రాంత పాఠకుడు