మొక్కల లెక్క సరే, డంపు మీంచి దిగే మట్టి లెక్క ఏది?

ఎడిటర్ గారికి నమస్కారం,

జూలై వచ్చిందంటే పేపర్ల నిండా మొక్కలు నాటే ఫొటోలే. మన కోల్‌బెల్ట్‌లో కూడా ఓపెన్‌కాస్ట్ గనుల మట్టి గుట్టల మీద, అదే బొగ్గు కోసం పైనుంచి తవ్వి పోసిన ఓబీ డంపుల మీద, ఇన్ని లక్షల మొక్కలు పెట్టాం ఇన్ని హెక్టార్లు పచ్చగా చేశాం అని వార్తలు వస్తుంటాయి, మంచిదే, కాదనను. కానీ ఆ గుట్ట మీంచి ఏడాదికి ఎంత మట్టి కిందికి దిగుతోంది అనే లెక్క మాత్రం ఏ పేపర్లోనూ నా కంటపడలేదు. వాటర్‌షెడ్ పనుల్లో చేసి రిటైరైన వాణ్ణి, మట్టి కోత కొలవడం మా డ్యూటీలో భాగం, అందుకే ఉండబట్టక రాస్తున్నా.

మట్టి కోతకి అందరూ వాడే ఫార్ములా ఒకటుంది, యూఎస్ఎల్ఈ అంటారు, దాన్నే తర్వాత సవరించి ఆర్‌యూఎస్ఎల్ఈ అన్నారు. వాన ఉధృతి, మట్టి గుణం, వాలు ఎంత పొడవు ఎంత ఏటవాలు, పైన ఏం కప్పు ఉంది, కట్టలు గట్రా ఏం వేశారు, వీటన్నిటికీ తలా ఒక నంబరు ఇచ్చి గుణిస్తే హెక్టారుకి ఏడాదికి ఇన్ని టన్నులు అని వస్తుంది. అమెరికాలో విష్‌మెయర్, స్మిత్ అనే ఇద్దరు పంట పొలాల కోసం తయారుచేశారు, 1965లో ఒకసారి 1978లో ఒకసారి పుస్తకంగా వచ్చింది. వాళ్ల ప్రామాణిక ప్లాటు 22 మీటర్ల పొడవు, 9 శాతం వాలు. మన డంపులేమో మొత్తంగా 28 డిగ్రీలు, అంటే 53 శాతం వాలు, ఒక్కో మెట్టు 30 మీటర్ల ఎత్తు, ఆ మెట్టు పక్కలైతే ఇంకా నిట్టనిలువు. పొలం గట్టు దగ్గర పుట్టిన లెక్కని అక్కడ అలాగే పెట్టేస్తే ఎట్లా కుదురుద్ది? అందుకే అమెరికాలో 1998లో గని భూములకీ కన్‌స్ట్రక్షన్ సైట్లకీ ఆ ఫార్ములా ఎలా వాడాలో విడిగా గైడ్‌లైన్స్ వేశారు.

ఇప్పుడు చాలామంది స్టూడెంట్లు కన్సల్టెంట్లు కంప్యూటర్ ముందు కూర్చుని శాటిలైట్ డేటాతో ఇదంతా లాగేస్తున్నారు, ఫ్రీగా దొరుకుద్ది కదా. ఎత్తుల కోసం ఎక్కువమంది వాడేది ఎస్ఆర్‌టీఎం మ్యాపు, అది 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ మీంచి తీసింది. ఆ తర్వాత పోసిన గుట్ట అందులో ఉండదు, అక్కడ చదును పొలమే కనిపిస్తది! మట్టి మ్యాపు కూడా అంతే, అందులో ఎర్ర చెలక అని ఉంటది, కానీ ఇప్పుడు అక్కడున్నది లోపల్నించి తవ్వి పోసిన ఇసుకరాయి ముక్కలు, షేలు అనే పొరల రాయి, బంకమట్టి, అదీ డంపర్లు తిరిగి తిరిగి పైన గట్టిపడిపోయిన సరుకు. లేని గుట్టకి, పోయిన మట్టికి లెక్క కట్టి దశాంశాలతో సహా రిపోర్టులో రాస్తే చదివేవాళ్లకి నిజమే అనిపిస్తది.

ఇంక పచ్చదనం సంగతి. శాటిలైట్‌లో ఆకుపచ్చగా కనిపిస్తే కప్పు బాగుంది అని మార్కులు వేసేస్తారు. ఒక్కసారి సుబాబుల్ గానీ నీలగిరి గానీ బాగా ఎదిగిన డంపు మీదకి వానలయ్యాక ఎక్కి చెట్ల కింద కూర్చుని నేల చూడండి. చాలా చోట్ల గడ్డి పరక ఉండదు, వేలెడంత మట్టి స్తంభాలు కనిపిస్తయి, ఒక్కోదాని నెత్తిన ఒక గులకరాయి. రాయి ఉన్న చోట మట్టి ఆగింది, చుట్టూతా ఉన్నది చినుకు దెబ్బకి లేచిపోయింది, ఆ స్తంభం ఎత్తు ఎంతో కనీసం అంత మట్టి పోయినట్టే. ఎత్తైన చెట్టు ఆకుల మీంచి నీళ్లు పెద్ద చుక్కలుగా చేరి పడతాయి కాబట్టి కింద ఆకుల చెత్తో గడ్డో లేకపోతే చెట్టున్నా కోత ఆగదు. నన్నడిగితే మొదటి రెండు మూడేళ్లు స్టైలో లాంటి పశుగ్రాసం, వట్టివేరు వరసలు వేసి నేలని పట్టించి ఆ తర్వాత చెట్ల సంగతి చూడటం మేలు, కానీ గడ్డితో ఫొటో బాగా రాదు కదా.

అన్నిటికన్నా పెద్ద లోటు గండ్లు. ఆ ఫార్ములా పల్చగా పొరలా పోయే మట్టినీ చిన్న చిన్న చాళ్లలో పోయేదాన్నీ మాత్రమే లెక్కేస్తది, గండి పడితే దానికి సంబంధం లేదు. డంపుల మీద అసలు నష్టం అక్కడే. మెట్టు చదునుగా ఉండి కొంచెం లోపలికి వాలుగా ఉంటే నీళ్లు కాలవలోకి పోతయి, కానీ పోసిన మట్టి నాలుగేళ్లలో ఒక చోట ఎక్కువ ఒక చోట తక్కువ కుంగుతది, ఆ కుంగిన చోట నీళ్లు చేరి అంచు తెంచుకుని కిందికి దూకుతయి, కింద మెట్టు మీద పడి దాన్ని కూడా తెంచుతయి. హెక్టారు మీద ఒక మిల్లీమీటరు మట్టి పోతే 10 క్యూబిక్ మీటర్లు, బరువులో 15 టన్నుల దాకా ఉంటది. మీటరు వెడల్పు, అర మీటరు లోతు, 20 మీటర్ల పొడవు గండి ఒక్కటి పడినా అంతే మట్టి, అదీ ఒక్క రాత్రి వానకి! 2022 జూలైలో గోదావరికి వచ్చిన వరద గుర్తుందా, భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటింది, అలాంటి వారానికి ఏడాది సగటు లెక్క ఏం పనికొస్తది.

దిగిన మట్టి ఒర్రెల్లోంచి చెరువుల్లోకి చేరుద్ది. మిషన్ కాకతీయలో తీసిన పూడికని రైతులు పోటీపడి పొలాలకి తోలుకున్నారు, డంపు కింద చెరువు పూడికని మాత్రం ఊరికే ఇచ్చినా ఎవరు తోలుకుంటారు సార్, అది ఒండ్రు కాదు రాతి పొడి.

కొలవడం పెద్ద ఖర్చూ కాదు. రెండడుగుల ఇనుప చువ్వకి వాషర్ తొడిగి నేలకి ఆనేలా దిగ్గొట్టాలి, వాన ముందు ఒకసారి వానల తర్వాత ఒకసారి చువ్వ తల నుంచి వాషర్ దాకా స్కేలుతో కొలవాలి. కొత్త డంపు, ఐదేళ్లది, పదేళ్లది, మూడింటి మీదా పై మెట్టు నుంచి కింది దాకా వరసలుగా పెడితే మొక్కలు నిజంగా ఎంత ఆపుతున్నయో తెలుస్తది. గండ్లకి టేపు చాలు, డ్రోన్ ఉంటే మరీ మంచిది. డంపు చుట్టూ తీసే గార్లాండ్ డ్రెయిన్ చివర సెటిలింగ్ పాండ్, అంటే మట్టి నీళ్లు నిలిచి పూడిక అడుక్కి దిగే గుంట, ఎట్లాగూ ఉంటది, ఎండాకాలంలో దాంట్లో పూడిక తీసేటప్పుడు ఎన్ని ట్రిప్పులు తీశారో రాసి పెట్టుకుంటే అదొక లెక్క. అప్పుడు ఫార్ములాని దాని పక్కన పెట్టి సరిచేసుకోవచ్చు, ఫార్ములా వద్దని నేననట్లేదు.

2009లో బొగ్గు శాఖ గని మూసివేత గైడ్‌లైన్స్ తెచ్చినప్పుడు ఓపెన్‌కాస్ట్‌కి హెక్టారుకి 6 లక్షల చొప్పున గని కంపెనీ ఎస్క్రో ఖాతాలో, అంటే పూచీగా కట్టే ఖాతాలో, వెయ్యాలని పెట్టారు, పనులు జరిగాయని చూపిస్తే అందులోంచి వెనక్కి ఇస్తారు. ఆ చూపించే కాగితాల్లో మొక్కల సంఖ్యతో పాటు చువ్వల కొలతలూ పాండ్ పూడికా కూడా ఉండాలని అడగడంలో తప్పేముంది? మీ రిపోర్టర్లు ఈసారి మొక్కలు నాటే ప్రోగ్రాంకి వెళ్లినప్పుడు, పోయిన వానాకాలం ఈ గుట్ట పాండ్‌లోంచి ఎంత పూడిక తీశారు అని ఒక్క ప్రశ్న అడిగి, చెప్పిన జవాబు ఉన్నదున్నట్టు వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వాటర్‌షెడ్ ఉద్యోగి,
పెద్దపల్లి జిల్లా