పాత కార్ల పెట్రోల్ ట్యాంకులు: మీ వ్యాసానికి ఒక సవరణ

సంపాదకులకు నమస్కారం.

పాత కార్ల పోషణ గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఇంజను, బ్రేకులు, రంగుల గురించి రాసినదంతా ఉపయోగకరంగానే ఉంది. కానీ పెట్రోల్ ట్యాంకు తుప్పు పడితే గ్యాస్ వెల్డింగుతో చిల్లులు పూడ్పించి, లోపల పూత పోయిస్తే సరిపోతుందని ఒక్క వాక్యంలో తేల్చేశారు. చెన్నైలో అంబాసిడర్లు, పద్మినీలు, ఒకప్పుడు మన వండలూరులోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డులు ఇప్పటికీ ముచ్చటపడి నడుపుకునే తెలుగువారు తక్కువేమీ కాదు. వారిలో ఎవరైనా ఆ వాక్యాన్ని నమ్మి, ట్యాంకు విప్పించి వీధి చివరి వెల్డింగు షాపుకు పంపితే ప్రాణాల మీదికి రావచ్చు. మెకానికల్ ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని, పాత బండ్ల మరమ్మతులు దగ్గరుండి చూస్తున్నవాణ్ని కనుక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

పెట్రోలు నిండుగా ఉన్న ట్యాంకు కన్నా ఖాళీ చేసిన ట్యాంకే ఎక్కువ ప్రమాదం. గాలిలో పెట్రోలు ఆవిరి సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం మధ్య ఉన్నప్పుడే అది అంటుకుంటుంది. నిండు ట్యాంకులో పైన మిగిలిన కాస్త ఖాళీలో ఆవిరి అంతకంటే చాలా చిక్కగా ఉంటుంది. పెట్రోలు ఒంపేసి గాలి చొరబడ్డ ట్యాంకులోనేమో సరిగ్గా అంటుకునే పాళ్లకు వచ్చి కూర్చుంటుంది. పైగా ఆ ఆవిరి గాలికన్నా బరువైనది కాబట్టి మూత తీసి ఎండలో పడేసినంత మాత్రాన పైకి లేచి పోదు. తుప్పు పెచ్చుల కిందా, రెండు రేకులు కలిసే అతుకులోనూ ఇంకిన పెట్రోలు మంట వేడి తగలగానే మళ్లీ ఆవిరై బయటికి వస్తుంది. "నీళ్లతో కడిగేశాం సార్, ఏం కాదు" అని షాపువారు చెప్పే ధైర్యానికి ఆధారం లేదని చెప్పడానికే ఇదంతా. వేడినీళ్లూ డిటర్జెంటూ పోసి కడిగాక ఆవిరి యంత్రంతో శుభ్రం చేసి, గ్యాస్ కొలిచే పరికరంతో పరీక్షించి, పని జరుగుతున్నంతసేపూ ట్యాంకులోకి ఆర్గాన్ గానీ కార్బన్ డయాక్సైడ్ గానీ పంపుతూ ఉండే చోట తప్ప పెట్రోల్ ట్యాంకు దగ్గరికి మంటను రానివ్వకూడదు. అటువంటి ఏర్పాటున్న షాపులు నగరంలో ఉన్నాయి. మూలమీది టింకరింగ్ షాపులో మాత్రం ఉండదు.

ఇక తుప్పు సంగతి. సగం నిండిన ట్యాంకుతో బండిని నెలల తరబడి షెడ్డులో ఉంచితే పగటి వేడికి లోపలి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడినప్పుడు తేమతో కూడిన కొత్త గాలి లోపలికి వస్తుంది. ఆ తేమ పైభాగపు రేకు మీద చెమటలా పట్టి కిందికి జారుతుంది. సముద్రపు గాలి వీచే ఈ ఊళ్లో, అందులోనూ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పట్టే ముసురులో, ఇది ఎంత జోరుగా సాగుతుందో వేరే చెప్పాలా! 2015లోనూ, 2023 మిచాంగ్ తుపానులోనూ నీట మునిగిన బండ్ల ట్యాంకుల్లోకి గాలి గొట్టం గుండా వాననీరే నేరుగా చేరింది. ఇంజను విప్పి ఆరబెట్టుకున్నవారిలో ఎంతమంది ట్యాంకును కూడా దింపి చూశారన్నది నాకు అనుమానమే.

దీనికి ఇప్పుడు ఇథనాల్ తోడైంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలును 2023 ఫిబ్రవరిలో విడుదల చేశారు. ఈ రోజు బంకులో సాధారణంగా పోస్తున్నది అదే. పాత రోజుల పెట్రోలు నీటితో కలిసేది కాదు. ట్యాంకు అడుగున చేరిన నీటిని డ్రెయిన్ బోల్టు విప్పి దించేసేవారు. ఇథనాల్ నీటిని తనలో కలుపుకుంటుంది. కొంత దాకా ఫర్వాలేదు, అది ఇంజనులో కాలిపోతుంది. నీరు ఓ మోతాదు దాటినా, చలికి పెట్రోలు బాగా చల్లబడినా, నీరూ ఇథనాలూ జట్టుగా విడిపోయి అడుగున ఒక పొరగా నిలుస్తాయి. రేకును తినేది ఆ పొరే. రోజూ తిరిగే బండిలో పెట్రోలు నిలవ ఉండదు కాబట్టి ఈ బాధ తక్కువ. ఏడాదికి రెండుసార్లు ప్రదర్శనకు తీసే బండికి ఎక్కువ. ఇథనాల్ విధానం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ పెట్టదలచుకోలేదు.

మా బావగారి 1974 నాటి మార్క్ 2 అంబాసిడర్ సంగతి చెబుతాను. జీఎస్టీ రోడ్డు మీద కొంతదూరం బాగానే పోయి, దగ్గుతూ ఆగిపోయేది. కాసేపు పక్కన పెడితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయ్యేది. కార్బురేటర్ కడిగించారు, పంపు మార్పించారు, కాయిలు మార్పించారు. ఇలా ఆగి, కాసేపటికి తనంతట తాను బాగుపడే జబ్బుకు ట్యాంకులోని చెత్త ఒక ముఖ్య కారణం: ఇంజను పెట్రోలు లాగుతున్నప్పుడు తుప్పు పెచ్చులు గొట్టం మూతికి అడ్డం పడతాయి, లాగడం ఆగగానే కిందికి రాలిపోతాయి. చివరికి ట్యాంకు దింపించి చూశాం. బయట నల్లరంగు నిగనిగలాడుతోంది. పైన పటారం, లోన లొటారం. పెట్రోలు ఎంత ఉందో కొలిచే గేజి యూనిట్ విప్పితే లోపల ఎవరో ఎప్పుడో పోయించిన పూత అట్టలుగా లేచి, ఒక అట్ట సరిగ్గా గొట్టానికి చుట్టుకుని ఉంది. దాని కింద తుప్పు తన పని తాను చేసుకుపోతూనే ఉంది. ట్యాంకు బాడీకి ఆనే చోట పెట్టిన ప్యాకింగు నీళ్లు పీల్చి ఉబ్బింది. దాన్ని ఒలిచి స్క్రూడ్రైవరుతో నొక్కగానే మొన లోపలికి దిగిపోయింది. అక్కడ రేకు లేదు, రంగూ తుప్పూ మాత్రమే ఉన్నాయి.

అందుకే, బాగుచేయాలా మార్చాలా అన్నది చిల్లుల లెక్కను బట్టి కాక మిగిలిన రేకు మందాన్ని బట్టి నిర్ణయించుకోవాలని నా మనవి. ఈ ట్యాంకుల రేకు కొత్తలోనే ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది. లోపలి నుంచి కొంత, బయటి నుంచి కొంత పోతే మిగిలేదెంత? పెట్రోలు పూర్తిగా దించి, కడిగి ఆరబెట్టాక అడుగు భాగాన్నీ, అతుకునూ, ప్యాకింగు కింది చోటునూ చిన్న సుత్తితో తట్టి చూడాలి. గట్టి రేకు ఖంగుమంటుంది, గుల్లబారినది మొద్దుగా పలుకుతుంది. తరువాత రంధ్రాలన్నీ మూసి, సైకిలు పంపుతో ఒకటి రెండు పౌండ్ల గాలి మాత్రం ఎక్కించి సబ్బు నురుగు రాస్తే కారే చోట బుడగలు లేస్తాయి. కంప్రెసర్ గొట్టం మాత్రం పెట్టనివ్వకండి, పల్చటి ట్యాంకు ఉబ్బి అతుకులు విడిపోతాయి.

రేకు గట్టిగా ఉండి, లోపల ఎర్రటి పొడి తుప్పు మాత్రమే ఉంటే మార్చనక్కరలేదు. గుప్పెడు నట్లు గానీ పొట్టి గొలుసు గానీ వేసి కుదిపితే పెచ్చులు రాలతాయి. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పును వేడినీటిలో కరిగించి నింపి, ఒకటి రెండు రోజులు ఉంచితే మిగతాది వదులుతుంది. బాత్రూములు కడిగే యాసిడ్ పోయించే మెకానిక్కులున్నారు. అది తుప్పుతో ఆగదు, మంచి రేకునూ అతుకునూ కూడా తింటుంది. ఏది వాడినా చివర చాకలి సోడా నీళ్లతో కడిగి వెంటనే వేడిగాలితో ఆరబెట్టాలి. ఈ పని మరునాటికి వాయిదా వేస్తే, తెల్లగా మెరిసిన రేకు తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. సూదిమొనంత చిల్లు ఒకటో రెండో ఉండి చుట్టూ రేకు మంచిదైతే, రేడియేటర్ పనివారు మంట చూపకుండా వేడి చేసిన కడ్డీతో టంకం పెట్టగలరు. ఆ పనికి కూడా పైన చెప్పిన శుభ్రత తప్పదు. దారిలో కారితే డ్రైవర్లు ఒంటిసబ్బు అరగదీసి అంటించే పద్ధతి ఇల్లు చేరడానికి పనికొస్తుంది, అంతవరకే.

పూతకు నేను వ్యతిరేకిని కాను. శుభ్రంగా, పొడిగా ఉన్న గట్టి రేకు మీద, ఇథనాల్‌ను తట్టుకుంటుందని డబ్బా మీదే రాసి ఉన్న రెండు డబ్బాలవి కలిపి వాడే ఎపాక్సీ రకాన్ని పోయిస్తే కొన్నేళ్లు నిలుస్తుంది. పోయిన రేకుకు బదులుగా పూతను పోయించడమే పొరపాటు. ఇథనాల్ రాకముందు తయారైన పాత రకాలు ఇప్పటి పెట్రోలులో మెత్తబడి ఊడివస్తాయి. ఒకసారి పూత ఊడిన ట్యాంకును మళ్లీ శుభ్రం చేయడం కొత్తది చేయించడం కన్నా కష్టం.

మార్చవలసి వస్తే చాలామంది మొదట పాత బండ్ల సామాను అమ్మే పుదుపేటకు పరుగెత్తుతారు. అక్కడ దొరికే పాత ట్యాంకు వయసు మన ట్యాంకు వయసే, అది తాగిన వాననీరూ ఇదే ఊరిది. గేజి రంధ్రంలోంచి టార్చి వేసి అడుగు చూడకుండా డబ్బు ఇవ్వకండి. అంబాసిడర్ తయారీ 2014 దాకా సాగింది కాబట్టి దాని సామాను ఇంకా దొరుకుతోంది. హెరాల్డుకు ఆ భాగ్యం లేదు, కొలతలు తీసి చేయించుకోవాల్సిందే. గిండీలోనూ అంబత్తూరులోనూ స్టెయిన్‌లెస్ స్టీలు పనివారికి కొదవ లేదు. చవకగా వస్తుందని జీఐ రేకుకు మాత్రం ఒప్పుకోవద్దు. దాని మీది జింకు పూతకూ ఇథనాల్‌కూ పడదు. పాత ట్యాంకు లోపలి అడ్డుపలకలు, గాలి గొట్టం, డ్రెయిన్ బోల్టు కొత్తదానిలోనూ ఉండాలి. అడ్డుపలకలు మానేస్తే మలుపుల్లో పెట్రోలు ఒకవైపుకు ఒరిగి ఇంజను ఆగుతుంది. గేజి యూనిట్ బిగించే రంధ్రాల వరస అచ్చంగా పాతదాని ప్రకారమే తీయించాలి, ట్యాంకు నుంచి బాడీకి ఎర్తు వైరు మళ్లీ కలపాలి. ఆ వైరు మరిచిపోతే గేజి ముల్లు ఇష్టం వచ్చినట్టు చూపిస్తుంది. రబ్బరు గొట్టాలు కూడా అదే రోజు ఇథనాల్‌ను తట్టుకునే రకానికి మార్పించాలి.

ట్యాంకు మారిస్తే బండి అసలుతనం పోతుందని, వింటేజ్ రిజిస్ట్రేషన్ రాదని కొందరు భయపడుతున్నారు. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనలు 50 ఏళ్లు దాటిన వ్యక్తిగత వాహనాల విషయంలో ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు ఉండకూడదన్నాయి. అక్కడ పెట్రోల్ ట్యాంకు పేరు లేదు. అంతగా మనసొప్పకపోతే పాత ట్యాంకును పారేయకుండా అటక మీద దాచుకోవచ్చు, దానితో బండి నడపనక్కరలేదు.

వచ్చే ఆదివారం అనుబంధంలో ఆ వెల్డింగు వాక్యానికి సవరణ వేసి, ఖాళీ ట్యాంకు ప్రమాదం గురించి నాలుగు ముక్కలు విడిగా, కనబడేలా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై