వంజరం కిలో ఎంత?

ఒరేయ్ శీనూ,

నీ రెండు ఉత్తరాలకీ జవాబు రాయలేదు, తిట్టుకో. అమ్మ బాగుంది, చెల్లికి ఉద్యోగం వచ్చింది, మద్దిలపాలెం ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదు. ఇక అసలు సంగతి.

పోయిన నెల గాల్ బ్లాడర్‌లో రాళ్ళకి ఆపరేషన్ అయింది. మత్తిస్తూ మీదేవూరని అడిగారు. "అనకా..." దాకానే గుర్తు. తర్వాత ఎవరో "హార్బర్‌లో వంజరం కిలో ఎంత చెప్పాడు?" అంటున్నారు. జాలరిపేట ఒడ్డున పడుకున్నానేమో అనుకున్నా! అంతలో పొట్టలో బంతి ఊదినట్టు ఒకటే బిర్రు. నొప్పి మాత్రం లేదు. రెప్ప లేవదు. ఊపిరి కూడా మిషన్ ఊదినప్పుడే. గొంతులో గొట్టం. అప్పుడేం గుర్తొచ్చిందో తెలుసా? ఇంటర్ పరీక్షలో మన మోకాలి కోడ్! ఒక్క తట్టు తడదామని ఎంత గింజుకున్నానో... మోకాలు నాది కాదన్నట్టే ఉంది.

"800" అన్నారెవరో. మళ్ళీ చీకటి.

సర్జన్‌గారికి చెబితే "కలొచ్చుంటుంది" అని నవ్వేసి వెళ్ళిపోయారు. ఒళ్ళు మండింది. మత్తు డాక్టరమ్మ మాత్రం వంజరం మాట వినగానే కుర్చీ లాక్కుని కూర్చుంది. నిద్రకి ఒక మందు, నొప్పికి ఒకటి, కండరాలు కదలకుండా ఇంకొకటి ఇస్తారట. సూది దగ్గర నిద్రమందు బయటికి కారిపోయి ఉంటుందని, మిగతావి అప్పటికే ఎక్కేశాయని చెప్పింది. మరి నుదుటికి అంటించిందేమిటండీ అన్నాను. అది బిస్ మానిటరట. మెదడు తరంగాలు పట్టి 0 నుంచి 100 లోపు అంకె చూపిస్తుంది. 40, 60 మధ్య ఉంటే మత్తులో ఉన్నట్టు లెక్క. నాది 52! నుదుటి కండరాల కదలిక కూడా ఆ అంకెలో కలిసిపోతుందట. 2015లో వచ్చిన ఒక ఆస్ట్రేలియా పరిశోధనలో 10 మందికి కండరాల మందొక్కటే ఎక్కిస్తే, పూర్తి మెలకువలో ఉన్నా అంకె పడిపోయిందట, కొన్నిసార్లు 60 కిందికి కూడా దిగిందట. విన్నావా!

ఇంకా విను. 1977లో టన్‌స్టాల్ అనే మత్తు డాక్టరు, కండరాల మందు ఇచ్చేముందు ఒక చేతికి బీపీ పట్టీ బిగించేశాడట. మందు ఆ చేతిలోకి పోదు, పేషెంటు మేలుకుంటే పిడికిలి నొక్కి చెప్పొచ్చు. మన మోకాలి కోడే కదరా! మరి నాకెందుకు కట్టలేదంటే, రోజూ ఎవరూ వాడరని తల దించుకుంది. పాపం, ఆవిడ మీద కోపం రాలేదు.

ఇప్పుడు రాత్రి మెలకువొస్తే ముందు కాలి బొటనవేలు కదిపి చూసుకుంటున్నా. అమ్మకి చెప్పలేదు. నిన్న ఆవిడ వంజరం వేపుడు చేస్తే వాసనకే లేచి వరండాలోకి వెళ్ళిపోయా. ఆ చీకట్లో నీ గురించి ఒకటి అనుకున్నాన్రా, అదేంటంటే... అయ్యో, మావయ్య రత్నాచల్‌కి బయల్దేరిపోతున్నాడు, ఆటో వచ్చేసింది, ఈ కాగితం ఆయన చేతికే ఇ